కోతిబొమ్మ మూతికి ఆ ఎర్రరంగు ఎక్కడిది?

పాత వస్తువులు సేకరించేవాళ్లు చేత్తో చెక్కిన కొయ్య కీలుబొమ్మలను ముచ్చటపడి కొంటారు. ఐరోపా, అమెరికాలలో తయారైన పాత కోతి, కుక్క బొమ్మలు కొన్నింటికి ఒకే పోలిక ఉంటుంది: నిగనిగలాడే నల్లటి ముఖం, దళసరి ఎర్ర పెదవులు, గుండ్రటి తెల్ల కళ్లు, చేతులకు తెల్లటి తొడుగులు. అడవిలోని కోతులకు మామూలుగా అలాంటి మూతి ఉండదు. ఆ రంగులు జంతువును చూసి వేసినవి కావు. ఒక జాతి మనుషులను వెక్కిరించే వేషం నుంచి వచ్చి చేరినవి.

ఆ వేషానికి పేరు తెచ్చినవాడు థామస్ రైస్ అనే తెల్లజాతి నటుడు. 1830 ప్రాంతంలో ముఖానికి మసి పూసుకుని ‘జిమ్ క్రో’ అనే పాత్రగా అమెరికా వేదికలపై గంతులు వేశాడు. నల్లజాతివాళ్లు బానిసత్వంలో మగ్గుతున్న కాలమది. వాళ్లను సోమరులుగా, వెర్రిబాగులవాళ్లుగా చూపే మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలు దశాబ్దాల తరబడి సాగాయి. తర్వాత వచ్చిన వర్ణవివక్ష చట్టాలకు కూడా జిమ్ క్రో పేరే స్థిరపడింది. 1895లో ఇంగ్లండులో వెలువడిన ఒక పిల్లల బొమ్మల పుస్తకంతో ‘గోలీవాగ్’ అనే నల్లబొమ్మ పసిపిల్లల పక్కల్లోకి చేరింది. 1906లో న్యూయార్క్ జంతుప్రదర్శనశాల ఇంకా దారుణానికి ఒడిగట్టింది. కాంగో నుంచి తెచ్చిన ఓటా బెంగా అనే యువకుణ్ణి కోతుల భవనంలో జనానికి చూపించింది. మనిషిని కోతిగా, కోతిని మనిషిగా చూపి నవ్వడం అప్పట్లో చాలామందికి తప్పుగా తోచలేదు.

సినిమా ఆ వారసత్వాన్ని అందుకుంది. డిస్నీ సంస్థ 1941లో తీసిన ‘డంబో’లో కాకుల గుంపు నల్లజాతివాళ్ల యాసలో మాట్లాడుతుంది. నిర్మాణ సమయంలో ఆ కాకుల నాయకుడికి పెట్టుకున్న పేరు జిమ్ క్రో. గొంతు ఇచ్చింది తెల్లజాతి నటుడు. తర్వాతి కాలంలో సంస్థే ఆ సినిమాకు హెచ్చరిక జతచేసింది. బీబీసీ అయితే ముఖాలకు నల్లరంగు పూసుకునే వినోద కార్యక్రమాన్ని 1978 దాకా ప్రసారం చేసింది.

బొమ్మ చెక్కేవాళ్ల పక్షాన ఒక మాట చెప్పాలి. దూరంగా కూర్చున్నవాళ్లకు కనబడాలంటే కన్ను, నోరు పెద్దవి చేయక తప్పదు. అయితే దేన్ని పెద్దది చేయాలో, ఏ గొంతు పెట్టాలో ఎంచుకునేది మనిషే. మన తోలుబొమ్మలాటలో హనుమంతుడు కోతే. అయినా ఆ తెర మీద అంత నిండుగా మాట్లాడే పాత్రలు తక్కువ. కిష్కింధలో అతని మాటతీరును మెచ్చుకున్నది సాక్షాత్తూ రాముడు. అదే తెర మీద కేతిగాడు, బంగారక్క వచ్చినప్పుడు మాత్రం ఒంటి తీరు మీద, ఆడవాళ్ల మీద మోటు హాస్యం నడుస్తుంది. మన సంప్రదాయానికి మచ్చ లేదని నేను అనను.

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగువాళ్లకు ఈ చరిత్ర ఎక్కడో అమెరికాది అనిపించవచ్చు. మన పిల్లల వేడుకలు చూడండి. ఒంటికి నల్లరంగు, నడుముకు ఆకులు, తలకు ఈకలు, నోట అర్థంలేని అరుపులు. దానికి ‘ఆదివాసీ నృత్యం’ అని పేరు. సినిమాల్లోని కోయదొర పాత్ర మన కళ్లకు అలవాటు చేసిన వేషమే ఇది. చుట్టూ ఉన్న కొండల్లో సవరలు, కొందులు అనే ఆదివాసులు ఉన్నారు. వాళ్ల పిల్లలు మన పిల్లల పక్కనే చదువుతున్నారు. తన తాత మాట్లాడే భాషను అరుపులుగా మార్చి తోటివాళ్లు నవ్వుతుంటే, ఆ పిల్లవాడు ఎటు చూడాలి? నాకు కడుపు రగిలిపోతుంది.

ఇదే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకున్నారు. 1880లో ఉపాధ్యాయుడిగా ఉద్యోగంలో చేరిన ఆయన, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు, పాటలు, కథలు రాశారు. సొంత ఖర్చుతో బడులు నడిపారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువడ్డాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయనను వ్యావహారిక భాషోద్యమకారుడిగా గుర్తుపెట్టుకున్నంతగా సవరల గురువుగా గుర్తుపెట్టుకోలేదు మనం.

ఒడిశా ప్రభుత్వం 2007 ప్రాంతంలో సవర సహా పది ఆదివాసీ భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టింది. అంటే తరగతి గదిలో ఆ భాషకు చోటు దొరికింది. ఇక పాత కీలుబొమ్మల సంగతి: వాటిని తగలబెట్టాలని నేను కోరను. పిల్లల చేతికి ఆటవస్తువుగా ఇవ్వకుండా, ఆ రంగుల కథ పక్కన రాసిపెట్టి చూపిస్తే చాలు. బడుల వాళ్లను అడిగేది ఒకటే. వచ్చే వార్షికోత్సవానికి నల్లరంగు డబ్బా కొనకండి. ఊరి సవర పెద్దలను పిలిచి, వాళ్ల జంతు కథ ఒకటి వాళ్ల భాషలోనే పిల్లల చేత ఆడించండి.