రేవు నుంచి దగ్గర ఊళ్లకు రైలు: అపోహలు - వాస్తవాలు

రేవులో దిగిన కంటైనర్లను లారీల మీద కాకుండా రైలు మీద లోపలి ఊళ్లకు చేర్చడం నా పని. అదీ దూరాభారం కాదు, మహా అయితే 300 కిలోమీటర్లు. ఇంత దగ్గరికి రైలు అనగానే లారీ వాళ్లూ నవ్వుతారు, రైల్వే వాళ్లూ నవ్వుతారు. ఆ నవ్వులో కొంత న్యాయం ఉంది, కొంత పాత అలవాటు ఉంది. నేను తరచూ వినే మాటలు తీసుకుని, ఏది ఎంతవరకు నిజమో చెబుతాను.

అపోహ: 500 కిలోమీటర్లు దాటితేనే రైలు గిట్టుబాటు అవుతుంది

ఈ లెక్క ఊరికే పుట్టలేదు. ఫ్యాక్టరీలో బయలుదేరిన సరుకు వేరే ఊరి గోదాముకు చేరాలంటే, లారీ అయితే ఒకచోట ఎక్కించి ఇంకోచోట దించితే సరి. రైలు అయితే స్టేషన్ దాకా ఒక లారీ కావాలి. అక్కడ క్రేన్‌తో ఎత్తాలి, రైలు దిగాక మళ్లీ ఎత్తాలి, అక్కడి నుంచి ఇంకో లారీ. ఈ అదనపు ఖర్చంతా పట్టాల మీద మిగిలే డబ్బులోంచే పూడాలి. ఆ మిగులు కిలోమీటరుకు ఇంత అని కొద్దికొద్దిగా వచ్చేది కాబట్టి చాలా దూరం వెళితే తప్ప పూడదు.

రేవు సరుకుకు ఈ లెక్క అతకదు. ఓడ దిగిన కంటైనర్ అప్పటికే రేవు యార్డులో ఉంది. లారీ మీద పెట్టాలన్నా ఎత్తాల్సిందే, వ్యాగన్ మీద పెట్టాలన్నా ఎత్తాల్సిందే. రెండు చివర్లలో ఒక చివర అదనపు లారీ, అదనంగా క్రేన్‌తో ఎత్తడం రెండూ తప్పిపోయాయి. గిట్టుబాటు దూరం చాలా కిందికి దిగుతుంది. అయితే పట్టాలు రేవు లోపలికి వచ్చి ఉండాలి. రైలు యార్డు గోడ బయట రెండు కిలోమీటర్ల అవతల ఉంటే కథ మళ్లీ మొదటికొస్తుంది.

అమెరికాలో వర్జీనియా రేవుల సంస్థ 1989లోనే తీరానికి సుమారు 350 కిలోమీటర్ల లోపల, ఫ్రంట్ రాయల్ దగ్గర డ్రై పోర్ట్, అంటే రేవు పనులు జరిగే లోపలి రైలు టెర్మినల్, తెరిచింది. చార్లెస్టన్ రేవుకు దాదాపు అంతే దూరాన గ్రీర్‌లో 2013లో ఇంకొకటి వచ్చింది. దానికి పక్కనే బీఎండబ్ల్యూ ఫ్యాక్టరీ ఉండటం బాగా కలిసొచ్చింది. న్యూజిలాండ్‌లో టౌరంగా రేవు చేసిన పని నాకు మరీ ఇష్టం. ఆక్లాండ్‌కు సొంత రేవు ఉంది. అయినా టౌరంగా వాళ్లు 1999లో అదే నగరంలో మెట్రోపోర్ట్ పేరుతో రైలు టెర్మినల్ పెట్టి, 200 కిలోమీటర్లకు పైగా దూరం నుంచి రైళ్లు నడిపి ఆ సరుకులో వాటా తీసుకున్నారు. సిడ్నీలోనైతే పోర్ట్ బోటనీ రేవు నుంచి ఎన్‌ఫీల్డ్ రైలు టెర్మినల్ 18 కిలోమీటర్లే.

మరి ప్రతి రేవుకూ ఇది ఎందుకు కుదరదు? దగ్గర దూరంలో ఖర్చును తేల్చేది కిలోమీటర్లు కాదు, ఒక రేక్ (ఒక రైలుకు సరిపడా వ్యాగన్ల వరుస) వారంలో ఎన్నిసార్లు తిరిగింది అన్నదే. ఈ లెక్క చూడండి. 45 వ్యాగన్లు, ఒక్కో దాని మీద రెండు 20 అడుగుల కంటైనర్లు, మొత్తం 90. దూరం 200 కిలోమీటర్లు, సగటు వేగం గంటకు 40 అనుకుందాం. వెళ్లడానికి 5 గంటలు, రావడానికి 5. రెండు చివర్లా దించి ఎక్కించడానికి ఐదేసి గంటలు. మొత్తం 20. రోజూ ఒక రౌండ్ తిప్పవచ్చు, 4 గంటలు చేతిలో ఉంటాయి. ఇప్పుడు రేవులో 6 గంటలు ఆలస్యం అయిందనుకోండి. మర్నాడు బయలుదేరే టైమ్ తప్పిపోయింది, లైను మీద దారి మళ్లీ ఆ మర్నాడే దొరుకుతుంది. అవే వ్యాగన్లు, అదే ఇంజిన్, మోసింది మాత్రం సగం. 2,000 కిలోమీటర్ల రైలుకు 6 గంటలు ఒక లెక్క కాదు. మాకు అది ఒక రోజు బేరం.

అపోహ: పట్టాలు వేస్తే సరుకు దానంతట అదే వస్తుంది

నేను మొదట్లో వేసిన ఒక టైమ్‌టేబుల్ కాగితం మీద ముచ్చటగా ఉండేది. రెండో వారంలో రాత్రి పదింటికి రేక్ రేవులో పెట్టాం. పది నిమిషాల్లో క్రేన్ రావాలి, తెల్లవారినా రాలేదు. ఒకేసారి రెండు ఓడలు వచ్చి, రైలు యార్డులోని మనుషుల్నీ యంత్రాల్నీ బెర్త్‌కు, అంటే ఓడ ఆగే చోటుకు, మళ్లించారు. వాళ్లను తప్పుపట్టలేను. ఓడ ఆగితే అడిగేవాళ్లు పదిమంది, రైలు ఆగితే నేనొక్కడినే. అప్పటినుంచి ఎవరు పిలిచినా నా మొదటి ప్రశ్న ఒక్కటే: రైలుకంటూ విడిగా క్రేన్, విడిగా మనుషులు ఉన్నారా?

రెండో ప్రశ్న రేవులోని లైన్ల పొడవు. 45 వ్యాగన్ల రేక్ మొత్తం ఒకే లైనులో పట్టకపోతే ముక్కలు చేసి, షంటింగ్ ఇంజిన్‌తో వేర్వేరు లైన్లలోకి తోయాలి, తిరుగు ప్రయాణానికి ముందు మళ్లీ కలపాలి. ఇందాక చేతిలో మిగిలాయన్న 4 గంటలు ఇక్కడే ఆవిరైపోతాయి.

ఎక్కువమంది పట్టించుకోనిది ఖాళీ కంటైనర్ల గొడవ. దిగుమతి సరుకు దించుకున్నాక ఖాళీ పెట్టె షిప్పింగ్ లైన్‌ది, అంటే ఓడ కంపెనీది. దాన్ని రేవులోనే అప్పగించమంటే, మనం ఎంత దూరం రైల్లో తెచ్చినా వెనక్కి పంపే ఖర్చు మన నెత్తినే. లోపలి టెర్మినల్‌లోనే తీసుకుని, దగ్గర్లోని ఎగుమతిదారుకు అక్కడే ఇస్తే రైలు రెండు వైపులా నిండుగా నడుస్తుంది. ఒక సంతకంతో తేలే విషయం, కానీ దాని కోసం నెలల తరబడి తిరగాల్సి ఉంటుంది. కస్టమ్స్ తనిఖీ కూడా లోపలి టెర్మినల్‌లోనే జరిగే ఏర్పాటు ఉండాలి, లేదంటే కంటైనర్ రేవులోనే కూర్చుంటుంది.

అసలు పట్టాలైనా చివరిదాకా ఉండాలి కదా. నెదర్లాండ్స్ రోటర్‌డామ్ నుంచి జర్మనీ సరిహద్దు దాకా 160 కిలోమీటర్ల బెటువె లైనును గూడ్స్ కోసమే కట్టి 2007లో తెరిచింది. సరిహద్దు అవతల, ఉన్న రెండు లైన్లకు తోడుగా వేయాల్సిన మూడో లైను పని మాత్రం ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. అక్కడికి చేరిన గూడ్స్ రైళ్లు ప్రయాణికుల రైళ్ల మధ్య సందు చూసుకుని వెళ్లాలి.

అపోహ: రైలు వస్తే లారీ వాళ్ల పొట్ట కొట్టినట్టే

సగం నిజం. దూరపు ట్రిప్పులు తగ్గుతాయి, దాన్ని దాచి లాభం లేదు. కానీ టెర్మినల్ నుంచి గోదాము దాకా చివరి 20, 30 కిలోమీటర్లు లారీయే పోవాలి. ఆ లారీ రేవు గేటు క్యూలో పడిగాపులు కాసేది కాదు, రోజుకు నాలుగైదు ట్రిప్పులు కొట్టి రాత్రికి ఇంటికి చేరేది. కిరాయి ట్రిప్పుకు ఎంతన్నది సరిగ్గా కుదిరితే ఓనర్‌కూ నష్టం లేదు. కుదరకపోతే గొడవే, అది నేనూ చూశాను.

రైలు వచ్చినా లారీలు ఎంత మిగులుతాయో లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ రేవుల్లో చూడొచ్చు. అక్కడ 2002లో తెరిచిన అలమీడా కారిడార్ అనే గూడ్స్ రైలు మార్గం 32 కిలోమీటర్లు. సగం దూరం నేల కింద కందకంలో సాగుతుంది, 200కు పైగా రైలు గేట్ల బెడద తప్పించింది. అయినా వంద కిలోమీటర్ల లోపలున్న గోదాములకు సరుకు ఇప్పటికీ లారీల మీదే పోతోంది. కారిడార్ దేశం అవతలి వైపు వెళ్లే రైళ్ల కోసం కట్టినది. చుట్టుపక్కల గోదాములకు రైలు వెళ్లాలంటే వాటి మధ్యలో ఒక టెర్మినల్ కావాలి. అంత స్థలం దొరకడమే కష్టం.

అపోహ: రైలు నెమ్మది

బండి కదిలాక లారీదే వేగం, ఒప్పుకుంటాను. కానీ కంటైనర్ రేవులో ఎన్ని రోజులు పడి ఉందన్నది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 90 కంటైనర్లు ఒక్క రైలుతో కదిలిపోతే 90 లారీలు గేటు దాటే పని ఉండదు. ఫ్యాక్టరీ మేనేజర్లు నన్ను "ఎంత త్వరగా?" అని అడిగింది తక్కువ, "కచ్చితంగా ఏ రోజు?" అని అడిగిందే ఎక్కువ. దానికి జవాబు చెప్పలేని రైలైతే లారీయే నయం.

అపోహ: రైలు ఎక్కించామంటే కాలుష్యం తగ్గినట్టే

నిండా నడిస్తేనే. ఉక్కు పట్టాల మీద ఉక్కు చక్రానికి రాపిడి చాలా తక్కువ కాబట్టి టన్నుకు ఇంధనం బాగా ఆదా అవుతుంది. సగం ఖాళీగా పోయే డీజిల్ రైలు, గంటల తరబడి ఆపకుండా ఉంచిన షంటింగ్ ఇంజిన్, టెర్మినల్ నుంచి మళ్లీ రేవు వైపే వెనక్కి వచ్చే లారీ, ఈ మూడూ కలిస్తే ఆదా అంతా కరిగిపోతుంది.

అపోహ: బరువు సరుకుకు ఏదైనా ఒకటే

రాయి, టైల్స్, లోహం నింపిన 20 అడుగుల కంటైనర్ 30 టన్నుల దాకా తూగవచ్చు. ట్రైలర్ మీద రెండింటికి చోటున్నా రోడ్డు బరువు పరిమితి వల్ల సాధారణంగా ఒక్కటే పెట్టాలి. అంత బరువుకు తగ్గట్టు కట్టిన వ్యాగన్ రెండూ మోస్తుంది. అందుకే కొత్త రైలు మొదలుపెట్టేటప్పుడు నేను ముందు బరువు సరుకు వాళ్ల తలుపే తడతాను. వాళ్లు కిరాయి బేరం మొదలుపెడితే రోడ్డు సంగతి కూడా ఎత్తుతాను. 1950ల చివర్లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో లారీలు నడిపి రోడ్ల అరుగుదల కొలిచిన ఆషో రోడ్ టెస్ట్ ప్రకారం ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు 16 రెట్లు. పట్టాల మరమ్మతు ఖర్చు మా రైలు కిరాయిలో కలిసి ఉంటుంది. రోడ్డు మరమ్మతు ఖర్చు లారీ కిరాయిలో అంతగా కనిపించదు. వాళ్లు నవ్వి, "అది మా జేబులోంచి పోయేది కాదు కదండీ" అంటారు.