అపోహలు - వాస్తవాలు: పుస్తకం పరీక్షకేనా?

హన్మకొండ దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పేరెంట్స్ మీటింగ్ పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: "ఈ ప్రాజెక్టులు, కృత్యాలు ఎందుకు సార్? వచ్చే ప్రశ్నలు చెప్పండి, బట్టీ పట్టిస్తం."

అపోహ: పుస్తకం పరీక్ష కోసమే, బతకడానికి పనికిరాదు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ మాటే. బడి చదువు, పుస్తకాలు ఎలా ఉండాలో చెప్పే జాతీయ విద్యా ప్రణాళిక చట్రం-2005 మొదటి సూత్రమే బడి చదువును బయటి జీవితంతో ముడిపెట్టమంటుంది. రెండోది బట్టీ మాన్పించమంటుంది. మన పుస్తకాల్లో 'ఇవి చేయండి', 'ఆలోచించి, చర్చించి రాయండి' అని ఉన్నవి అందుకే. మనం దాటేసేది సరిగ్గా వాటినే.

ఎనిమిదో తరగతిలో చక్రవడ్డీ ఉంది. ఒక ఏడు సూత్రం పక్కనపెట్టి, తెలిసినవాళ్ల అప్పు లెక్క ఒకటి పేర్లు లేకుండా రాసుకురమ్మన్నాను. ఒక అమ్మాయి రాసుకొచ్చింది: మిర్చి పెట్టుబడికి 50,000, నూటికి మూడు రూపాయలు. నెలకు 1,500, ఏడాదికి 18,000. అంటే 36 శాతం! కట్టలేక నోటు తిరగరాస్తే 68,000 అసలవుతుంది. రెండో ఏడు చివరికి 92,480. బోర్డు మీద ఆ అంకె వేశాక క్లాసులో ఎవరూ మాట్లాడలేదు.

మరునాడు వాళ్ల నాన్న బడికొచ్చాడు. కోపంతో వచ్చాడేమో అనుకున్నాను. "మూడు రూపాయలే కదా అనుకున్న సార్, ఏడాదికి ఎంతైతదో ఎన్నడూ లెక్కెయ్యలే" అన్నాడు. మూడు లక్షల లోపు పంట రుణానికి బ్యాంకులో 7 శాతమని, గడువులోగా కడితే 4 శాతమేనని కూతురే వివరించి చెప్పింది. ఆ పాఠం నుంచి పరీక్షలో ఏ ప్రశ్న వచ్చిందో నాకు గుర్తు లేదు.

అపోహ: జాతీయ విద్యా విధానంతో పదో తరగతి బోర్డు పరీక్ష పోయింది.

వాస్తవం: వాట్సాప్ పుకారు. 2020 విధానంలోనే 10, 12 తరగతుల బోర్డు పరీక్షలు కొనసాగుతాయని రాసి ఉంది. దయచేసి ఫార్వర్డ్ చేయకండి, పిల్లలు చదువు ఆపేస్తున్నారు.

అపోహ: సీబీఎస్ఈ కాకపోతే, తెలుగు మీడియమైతే నీట్ రాదు.

వాస్తవం: నీట్, జేఈఈ మెయిన్ రెండూ తెలుగులోనూ రాయొచ్చు. ఈ భయంతో ఆరో తరగతిలోనే అప్పుచేసి ఫౌండేషన్ కోర్సులో చేర్పించే తల్లిదండ్రుల టెన్షన్ నాకు తెలుసు. ఆ అప్పుకూ పైన వేసిన లెక్కే వర్తిస్తుంది.

వచ్చే మీటింగుకు కరెంటు బిల్లో, తక్ పట్టీయో (మార్కెట్లో పంట అమ్మినప్పుడు ఇచ్చే చీటీ) తీసుకురండి. మీ పిల్లలతోనే లెక్క కట్టిద్దాం.