అంకె నిలబడే చోటు

చిరంజీవులకు ఆశీస్సులు.

అమీర్‌పేటలో శాప్ (SAP, కంపెనీల లెక్కలూ జీతాలూ నడిపే సాఫ్ట్‌వేర్) కోర్సులో చేరారని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. శాప్ ప్రోగ్రాములు రాసే అబాప్ (ABAP) భాషలో, తెర మీద రాయించే ‘రైట్’ (WRITE) ఆజ్ఞను మొదట్లోనే చెప్పేస్తారు. తెర మీద నాలుగు వరుసలు కనబడగానే అది వచ్చేసిందనుకుని ముందుకు వెళ్లకండి.

‘రైట్’ తర్వాత ఏటవాలు గీత పెడితే కొత్త వరుస మొదలవుతుంది. ఆ గీతను ఆనుకుని 10, బ్రాకెట్లలో 20 రాస్తే పదో గడి నుంచి ఇరవై అక్షరాల చోటు కేటాయించినట్టు. పేర్లు ఎడమ అంచుకు, అంకెలు కుడి అంచుకు వాటంతటవే సర్దుకుంటాయి. అంకెల విషయంలో దీన్ని మార్చవద్దు. ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు ఉంటేనే పద్దులు చూసే మనిషి వేలు పెట్టి పై నుంచి కిందికి చదవగలడు. శీర్షికతో పాటే కింది వరుసలూ జరగాలంటే గడి సంఖ్యకు బదులు ‘ఫలానా దాని కింద’ అని చెప్పే ‘అండర్’ (UNDER) వాడండి.

చోటు చాలనప్పుడు ఏం జరుగుతుందో చూడండి. అంకె అయితే ముందు కామాలు వదిలేస్తుంది. అప్పటికీ పట్టకపోతే ఎడమవైపు అంకెలు కోసేసి, మొదట్లో నక్షత్రం గుర్తు పెడుతుంది. పేరుకు ఆ హెచ్చరిక కూడా ఉండదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన వెంకటసత్యనారాయణమూర్తికి పదిహేను గడులిస్తే వెంకటసత్యనార్ మిగులుతాడు, అంతే. మన పొడుగు పేర్లకు ఈ ప్రమాదం ఎక్కువ. ఇక మైనస్ గుర్తు ఇక్కడ అంకెకు కుడివైపు వస్తుంది. దానికీ ఒక గడి ఉంచాలి.

అన్నింటికన్నా నాకు భయం డబ్బు దగ్గర. శాప్ మొత్తాలను మామూలుగా రెండు దశాంశ స్థానాలతో దాస్తుంది. జపాన్ యెన్‌కు పైసలు లేవు కాబట్టి 5,000 యెన్లు లోపల 50.00గా ఉంటాయి. కువైట్ దినార్‌కు వెయ్యి ఫిల్సులు, అంటే మూడు స్థానాలు, 12.500 దినార్లు లోపల 125.00గా ఉంటాయి. ‘రైట్’ పక్కన ‘కరెన్సీ’ (CURRENCY) అని చేర్చి ఆ దేశపు డబ్బు కోడ్ ఇస్తేనే అసలు మొత్తం కనబడుతుంది. ఇవ్వకపోతే యెన్ లెక్క నూరో వంతుకు పడిపోతుంది, దినార్ లెక్క పదింతలవుతుంది. రూపాయలకు రెండు స్థానాలే కనుక ఇక్కడ పరీక్షించినంత కాలం తప్పు బయటపడదు! కడప నుంచి కువైట్ వెళ్లిన మనవాళ్ల జీతాల జాబితా మీ చేతికే రావచ్చు. ఒక్క మాట మరిచిపోతే ఎవరి జీతం ఎంతని కనబడుతుందో ఆలోచించండి.

కొత్త ప్రోగ్రాములను ఎక్కువగా ఏఎల్‌వీ గ్రిడ్‌లో (శాప్‌లోనే ఉన్న, జాబితాను పట్టికగా చూపే సాధనం) రాస్తున్నారు, నిలువు వరుసలు అదే సర్దుతుంది. అయినా ఫీల్డ్ కేటలాగ్, అంటే ఏ నిలువు వరుస ఎలా ఉండాలో చెప్పే జాబితా, మీరే కడితే, ఏ మొత్తానికి ఏ కరెన్సీ గడి జతో అక్కడ కూడా మీరే చెప్పాలి. ఈ ఆదివారం వచ్చేటప్పుడు మీరు రాసిన జాబితా ఒకటి తీసుకురండి. అందులో అతి పొడుగు పేరు, అతి పెద్ద మొత్తం, ఒక మైనస్ లెక్క, ఒక దినార్ లెక్క ఉండాలి.

ప్రేమతో,
మీ తాతయ్య