పరిస్థితిని బట్టి తనే మారే మొబైల్ యాప్: అపోహలు - వాస్తవాలు

విశాఖ నుంచి అరకు వెళ్లే రైల్లో కూర్చుని మేం యాప్‌లు టెస్ట్ చేస్తాం. ఆ దారిలో 50కి పైగా సొరంగాలున్నాయి. లోపలికి వెళ్లగానే నెట్ పోతుంది, బయటికొస్తే కాసేపు వస్తుంది, అంతలో ఇంకో సొరంగం. ఆఫీసు వైఫైలో చక్కగా నడిచిన యాప్ అసలు సంగతి అక్కడ తెలిసిపోతుంది.

ఇంటింటి సర్వే చేసే సిబ్బందికి యాప్‌లు తయారు చేయడం మా పని. టవర్ లేకపోయినా, ఛార్జింగ్ అయిపోవస్తున్నా, ఎండకు ఫోన్ కాలిపోతున్నా యాప్ తనే సర్దుకుని నడవాలి. ఈ పని గురించి కొత్తగా చేరినవాళ్ల దగ్గరా, యాప్ చేయించుకునేవాళ్ల దగ్గరా తరచూ వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: సిగ్నల్ గీతలు నిండుగా ఉంటే నెట్ ఉన్నట్టే.

వాస్తవం: ఆ గీతలు టవర్ నుంచి వచ్చే రేడియో సంకేతం బలాన్ని మాత్రమే చెబుతాయి. ఒకే టవర్ మీద సంత రోజున వందల మంది ఉంటే గీతలు నిండుగా ఉన్నా ఫొటో ఒక్కటీ కదలదు. లాడ్జి వైఫై ఇంకో రకం: కనెక్ట్ అయినట్టే ఉంటుంది, కానీ లాగిన్ పేజీ దాటేదాకా బయటికి దారి లేదు. అందుకే ఆండ్రాయిడ్‌లో 'కనెక్ట్ అయింది' వేరు, 'ఇంటర్నెట్ అందుతోందని పరీక్షించి చూశాం' వేరు. యాప్ రెండోదాన్ని అడగాలి. ఇంతకుముందు పంపిన ఫైల్‌కు ఎంతసేపు పట్టిందో చూసుకోవడం ఇంకా నమ్మకమైన కొలత.

అపోహ: పరిస్థితి మారిన క్షణంలోనే యాప్ మారిపోవాలి.

వాస్తవం: మేం ఎక్కువ రోజులు కష్టపడింది ఇక్కడే. మా మొదటి వెర్షన్ నెట్ తగ్గగానే ఫొటోలను చిన్నవిగా చేసేది, పెరగగానే మళ్లీ పెద్దవి పంపేది. సొరంగాల దారిలో అది నిమిషానికోసారి మనసు మార్చుకుంది. సగం వెళ్లిన అప్‌లోడ్ ఆపి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేది. బ్యాటరీ దిగిపోయింది, ఫొటోలు మాత్రం ఫోన్‌లోనే ఉన్నాయి.

దీనికి మందు పాతదే. దిగడానికి ఒక హద్దు, ఎక్కడానికి ఇంకో హద్దు పెట్టాలి. ఆండ్రాయిడ్ మూల కోడ్ చూడండి: మామూలు సెట్టింగ్‌లో బ్యాటరీ 15 శాతానికి పడితే 'తక్కువగా ఉంది' అంటుంది, 16కి రాగానే 'బాగుంది' అనదు, 20 దాకా ఆగుతుంది. మధ్యలో ఉన్న ఆ 5 శాతమే ఊగిసలాటను ఆపుతుంది. ఇప్పుడు మా యాప్‌లో నెట్ తగ్గితే వెంటనే తగ్గుతాం. పెరిగితే మాత్రం కొంతసేపు నిలకడగా ఉందని తేలాకే పెంచుతాం. మొదలైన అప్‌లోడ్‌ను మధ్యలో మార్చం, తెగితే తెగిన చోటు నుంచే కొనసాగిస్తాం.

అపోహ: దీనికి ఏఐ ఉండాల్సిందే.

వాస్తవం: అక్కర్లేదు. తనే సర్దుకునే వ్యవస్థల కోసం గమనించు, విశ్లేషించు, ప్లాన్ వేయి, అమలు చేయి అనే చక్రాన్ని ఐబీఎం పరిశోధకులు కెఫార్ట్, చెస్ 2003లోనే వివరించారు. మా యాప్‌లో ఆ చక్రం నడిచేది పది పన్నెండు నియమాలున్న ఒక పట్టికతో. తప్పు జరిగితే ఏ నియమం వల్ల జరిగిందో లాగ్‌లో, అంటే యాప్ తను చేసిన పనులు రాసుకునే చిట్టాలో, కనిపిస్తుంది. నాకు అదే ముఖ్యం.

అపోహ: బ్యాక్‌గ్రౌండ్‌లో నిమిషానికోసారి ప్రయత్నిస్తూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు వెళ్లిపోతుంది.

వాస్తవం: ఫోన్ ఒప్పుకోదు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, ఛార్జింగ్ పెట్టకుండా, స్క్రీన్ ఆపి కదలకుండా పక్కన పెట్టిన ఫోన్ డోజ్ అనే, బ్యాటరీ ఆదా చేసే నిద్రలోకి జారుకుంటుంది. అప్పుడు యాప్‌లకు నెట్ అందేది అప్పుడప్పుడే. బ్యాక్‌గ్రౌండ్ పనులు అప్పగించడానికి ఆండ్రాయిడ్‌లో వాడే వర్క్‌మేనేజర్‌లో పదే పదే జరగాల్సిన పనికి కనీస వ్యవధి 15 నిమిషాలు. నెట్ ఉన్నప్పుడు, బ్యాటరీ తక్కువగా లేనప్పుడు చేయమని షరతు చెప్పి, సమయం ఎంచుకునే పని సిస్టమ్‌కు వదిలేయడమే మేలు.

అపోహ: ఆఫ్‌లైన్‌లో ఉంటే 'నెట్ లేదు' అని చూపిస్తే సరిపోతుంది.

వాస్తవం: ఐఐటీ మద్రాసులో చదివిన మహదేవ్ సత్యనారాయణన్ బృందం, కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో, కోడా అనే ఫైల్ సిస్టమ్‌తో నెట్‌వర్క్ తెగినా పని ఆగకుండా చూపించి 30 ఏళ్లు దాటింది. కావాల్సినవి ముందే దాచుకోవడం, తెగినప్పుడు రాసుకోవడం, కలిశాక సరిచూసుకోవడం. ఇందులో మనవాళ్లు మర్చిపోయేది మూడోదాన్ని. రికార్డు సర్వర్‌కు చేరుతుంది, చేరిందన్న జవాబు మాత్రం సొరంగంలో పోతుంది. యాప్ మళ్లీ పంపుతుంది. ఒకే కుటుంబం రెండుసార్లు నమోదవుతుంది. ఫారం తెరిచిన క్షణంలోనే దానికో ప్రత్యేక నంబరు ఇచ్చేస్తే, రెండోసారి వచ్చిన దాన్ని సర్వర్ గుర్తుపడుతుంది.

అపోహ: మార్పులన్నీ వాడేవాళ్లకు తెలియకుండా జరిగిపోవాలి.

వాస్తవం: నేనూ చాలాకాలం ఇదే నమ్మాను. ఒక ప్రాజెక్టులో నెట్ బలహీనంగా ఉందని యాప్ చడీచప్పుడు లేకుండా ఫొటోలన్నిటినీ కుదించింది. ఇంటి ఫొటో కుదిస్తే నష్టం లేదు. కానీ రేషన్ కార్డు ఫొటో కూడా కుదించేసింది, నంబర్లు అలుక్కుపోయాయి. సర్వే చేసినావిడ కొండ ఎక్కి అదే ఊరికి మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. "ఫోన్‌లో బాగానే కనబడింది కదండీ" అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఫోన్‌లో ఉన్నది అసలు ఫొటో, పంపింది కుదించిన కాపీ.

ఆ తర్వాత నుంచి డిజైన్ మొదలుపెట్టేటప్పుడు ముందుగా రాసుకునేది ఏవి మారకూడదన్న జాబితా. పత్రాల ఫొటోలు, సంతకాలు, ఇంటి లొకేషన్ అందులో ఉంటాయి. నెట్ ఎంత మందగించినా అవి ఆలస్యంగా వెళ్తాయి, అంతేగానీ నాణ్యత తగ్గదు. స్క్రీన్ పైన ఎప్పుడూ ఒక వరుస ఉంటుంది: '4 రికార్డులు ఫోన్‌లోనే ఉన్నాయి, ఇంకా పంపలేదు.' సాయంత్రం బస్సెక్కే ముందు సిబ్బంది ఆ వరుస చూసుకుంటున్నారు. సున్నా కాకపోతే టవర్ ఉన్న చోట కాసేపు ఆగుతున్నారు.