డిష్‌వాషర్‌లో ఉప్పు ఎందుకు? మన నీళ్లు, మన అపోహలు, అసలు వాస్తవాలు

నల్లగొండ చుట్టుపక్కల ఇళ్లలో డిష్‌వాషర్లు బిగించడం, బాగుచేయడం నా వృత్తి. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే ఫిర్యాదుతో మొదలవుతాయి. గిన్నెల మీద తెల్లటి పొర కడుతోందని, గాజు గ్లాసులు మసకబారాయని, మెషిన్ పాడైపోయిందని అంటారు. వెళ్లి తలుపు తెరిచి, అడుగున ఉన్న ఉప్పు అర మూత విప్పితే లోపల ఉప్పు ఉండదు. కొన్ని ఇళ్లలో ఆ మూతను కొన్న రోజు నుంచి ఎవరూ ముట్టుకోలేదు. ఉప్పు ప్యాకెట్ మాత్రం వంటగది అల్మారాలో సీలు కూడా తీయకుండా ఉంటుంది.

వేలు పోసి కొన్న వస్తువు ఇలా అయిందని వాళ్లు బాధపడుతుంటే నాకూ కష్టంగానే ఉంటుంది. తప్పు వాళ్లది అనలేను. అమ్మేటప్పుడు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. తర్వాత పక్కింటివాళ్లు, బంధువులు, వాట్సాప్ వీడియోలు తలా ఒకటి చెప్పాయి. నాకు కోపమంతా ఆ వీడియోల మీదే.

అపోహ: ఉప్పు కంపెనీవాళ్లు డబ్బులు గుంజడానికి పెట్టింది, అది లేకపోయినా మెషిన్ నడుస్తుంది.

నడుస్తుంది. కొన్ని నెలల పాటు బాగానే నడుస్తుంది. అందుకే ఈ మాటను జనం నమ్ముతారు.

మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నీళ్లు కాచే గిన్నె అడుగున, గీజర్ లోపల, నల్లా మూతి దగ్గర పేరుకునే సున్నం అదే. డిష్‌వాషర్ నీళ్లను 50 నుంచి 70 డిగ్రీల దాకా వేడి చేస్తుంది. వేడి తగిలిన కొద్దీ ఆ సున్నం విడివడి హీటర్ మీద, నీళ్లు చిమ్మే రెక్కల రంధ్రాల్లో, గిన్నెల మీద కూర్చుంటుంది. దీన్ని అడ్డుకోవడానికే మెషిన్ అడుగున సాఫ్ట్‌నర్ అనే భాగం పెట్టారు. అందులో రెజిన్ అనే సన్నటి పూసలుంటాయి. నీళ్లు వాటి మీదుగా వెళ్లేటప్పుడు పూసలు కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని, బదులుగా తమ దగ్గరున్న సోడియంను నీళ్లలోకి వదులుతాయి. కొంతసేపటికి పూసల నిండా కాల్షియం చేరుతుంది, ఇక పట్టుకోవడానికి చోటుండదు. అప్పుడు మెషిన్ ఉప్పు అరలోని చిక్కటి ఉప్పు నీటిని వాటి మీదుగా పంపుతుంది. కాల్షియం అంతా విడిపోయి డ్రెయిన్‌లోకి పోతుంది, పూసలు మళ్లీ పనికి సిద్ధమవుతాయి. ఉప్పు చేసే పని అంతే. అది గిన్నెలను తోమదు, గిన్నెలకు ఉప్పదనం అంటించదు. ఉప్పు లేని రోజు నుంచి పూసలు ఊరికే ఉంటాయి, బోరు నీళ్లు ఉన్నవి ఉన్నట్టే లోపలికి వస్తాయి.

సున్నం పొర కట్టిన హీటర్ తన వేడిని నీళ్లకు సరిగ్గా అందించలేదు. ఎక్కువసేపు కాలుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, చివరికి పోతుంది. ఈ కాలపు చాలా మోడళ్లలో హీటర్, పంపు ఒకే భాగంగా వస్తున్నాయి. హీటర్ పోతే మొత్తం మార్చాల్సిందే, అదీ వేలల్లో ఖర్చు. మీకు అత్యంత ఖరీదుగా పడే అపోహ ఇదే. అందుకే ఇంతసేపు దీని మీదే చెబుతున్నాను.

"ఉప్పు దీపం వెలగలేదన్నా, అందుకే పోయలేదు" అని చాలామంది అంటారు. ఉప్పు అయిపోయిందని చెప్పే ఆ దీపం ఎందుకు వెలగలేదో చూడాలి. డిష్‌వాషర్‌లో నీటి కాఠిన్యానికి, అంటే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయన్న దానికి, ఒక సెట్టింగ్ ఉంటుంది. చాలా మోడళ్లలో దాన్ని సున్నా మీద పెడితే సాఫ్ట్‌నర్ పనే చేయదు, ఉప్పు అయిపోయినా దీపం వెలగదు. బిగించినవాళ్లు ఆ సెట్టింగ్‌ను మీ ఇంటి నీళ్లకు తగ్గట్టు మార్చకుండా వెళ్లిపోతే, మీరు ఎన్నాళ్లు ఎదురుచూసినా ఆ దీపం మీకు ఏమీ చెప్పదు. బిగించే రోజే "నా నీళ్ల కాఠిన్యం ఎంత వచ్చింది, మీరు ఎంత మీద పెట్టారు" అని అడగండి. సమాధానం లేకపోతే వాళ్లను పంపించకండి.

ఆ కొలతకు పరీక్ష పట్టీలు దొరుకుతాయి, కొన్ని మెషిన్లతో పాటు డబ్బాలోనే వస్తాయి. మాన్యువల్‌లో జర్మన్ డిగ్రీలు అని రాసి ఉంటే ఒక డిగ్రీ అంటే లీటరుకు సుమారు 17.8 మిల్లీగ్రాముల కాఠిన్యం (కాల్షియం కార్బొనేట్ లెక్కన) అని వేసుకోండి. మన దేశ తాగునీటి ప్రమాణాల్లో కాఠిన్యం 200 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు, వేరే నీళ్లు లేని చోట 600 దాకా సహించవచ్చు. ఆ 600 అంటే దాదాపు 34 జర్మన్ డిగ్రీలు. అంతకు మించిన బోర్లు మన దగ్గర లేకపోలేదు. ఏ మెషిన్ సాఫ్ట్‌నర్‌కైనా ఒక గరిష్ఠ హద్దు ఉంటుంది, అది మాన్యువల్‌లో రాసి ఉంటుంది. మీ బోరు ఆ హద్దు దాటితే బయట వేరే సాఫ్ట్‌నర్ పెట్టుకోవాలి, లేదంటే వేరే నీళ్లు ఇవ్వాలి.

టీడీఎస్ మీటర్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆర్వో ఫిల్టర్ అమ్మేవాళ్లు ఇంటింటికీ ఆ మీటర్ అలవాటు చేశారు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి. అందులో సున్నం కట్టేవి ఎన్ని, కట్టనివి ఎన్ని అన్నది ఆ మీటర్ చెప్పదు. మిర్యాలగూడలో ఒక సారు, రిటైరైన ఉపాధ్యాయుడు, ఉప్పు పోసిన తర్వాత మెషిన్‌లోని నీళ్లకు మీటర్ పెట్టి చూశారు. అంకె తగ్గలేదు. సాఫ్ట్‌నర్ చెడిపోయిందని వాదించారు. సాఫ్ట్‌నర్ కాల్షియం తీసుకుని సోడియం ఇస్తుంది కాబట్టి మొత్తం లవణాల అంకె దాదాపు అలాగే ఉంటుందని వివరించి, అవే నీళ్లలో కాఠిన్యం పట్టీ ముంచి చూపించాను. పట్టీ రంగు చూశాక ఆయన మెషిన్ మాట వదిలేసి, మిగిలిన పట్టీలు ఇవ్వమని అడిగారు. వీధిలోని బోర్లన్నీ చూస్తారట.

అపోహ: ఇంట్లో ఉన్న ఉప్పే పోయవచ్చు, ఉప్పు ఏదైనా ఉప్పే.

ఇదీ ప్రమాదమే. వంట ఉప్పు మెత్తటి పొడి, తడి తగిలితే గడ్డకట్టి అరను మూసేస్తుంది. అది పొడిపొడిగా ఉండటానికి వేరే పదార్థాలు కలుపుతారు, అవి సాఫ్ట్‌నర్‌కు సరిపడవు. దొడ్డు ఉప్పులో మట్టి, ఇసుకతో పాటు కాల్షియం, మెగ్నీషియం లవణాలే ఉంటాయి. ఏ కాల్షియంను వదిలించుకోవాలని ఉప్పు పోస్తున్నామో దాన్నే పూసల మీద పోసినట్టవుతుంది. సైంధవ లవణం కూడా వద్దు. డిష్‌వాషర్ ఉప్పు అని రాసిన, శుద్ధమైన, పెద్ద పలుకుల ఉప్పు మాత్రమే వాడాలి.

పోసే పద్ధతి చాలా సులువు. మొట్టమొదటిసారి మాత్రం అరలో సుమారు లీటరు నీళ్లు పోసి, గరాటుతో ఉప్పు నింపండి. ఉప్పు పడిన కొద్దీ నీళ్లు పైకి పొంగుతాయి, కంగారు పడవద్దు. తర్వాత నింపినప్పుడు నీళ్లు పోయనక్కర్లేదు. మూత బిగించి, చుట్టూ పడిన ఉప్పు తుడిచి, వెంటనే ఒకసారి మెషిన్ నడపండి. ఒలికిన ఉప్పు నీళ్లు రాత్రంతా అలాగే ఉంటే స్టీలు అయినా తుప్పు పడుతుంది.

నకిరేకల్ దగ్గర ఒక చెల్లెలు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. ఉప్పు పోస్తే నీళ్లు పొంగాయని, మెషిన్ పాడు చేశానని, ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదని అంది. మూత గట్టిగా బిగించి మెషిన్ నడపమని ఫోన్‌లోనే చెప్పాను. అది చెడిపోవడం కాదు, అలాగే జరగాలి. ఒక్క విషయంలో మాత్రం భయం ఉండటమే మంచిది. ఉప్పు అరలో పొరపాటున కూడా డిటర్జెంట్ పోయకూడదు. పోస్తే సాఫ్ట్‌నర్ నాశనమవుతుంది. అలా పడితే మెషిన్ ఆన్ చేయకుండా ముందు ఫోన్ చేయండి.

అపోహ: త్రీ ఇన్ వన్ డిటర్జెంట్ ట్యాబ్లెట్ వాడితే ఉప్పు అక్కర్లేదు.

సున్నాన్ని అదుపులో పెట్టే పదార్థాలు ఆ ట్యాబ్లెట్లలో ఉంటాయి, కాదనను. కానీ అవి ఒక హద్దు వరకే సరిపోతాయి. చాలా మాన్యువళ్లలో ఆ హద్దు 21 జర్మన్ డిగ్రీలు, అంటే సుమారు 375 మిల్లీగ్రాములు. మీ బోరు అంతకు మించితే ట్యాబ్లెట్‌తో పాటు ఉప్పు కూడా పోయాల్సిందే.

అపోహ: మన ఫ్లోరైడ్ నీళ్లు డిష్‌వాషర్‌కు పనికిరావు.

మర్రిగూడ వైపు నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దమ్మ నన్ను అడిగిన ప్రశ్న నాకు ఎప్పుడూ గుర్తుకొస్తుంది. "బిడ్డా, ఈ మెషిన్ నీళ్లను కాగబెట్టి కడుగుతుంది కదా, ఆ ఫ్లోరైడ్ అంతా పళ్లేల మీదే మిగిలిపోతే మనవడి ఎముకలకు ఏమైనా అవుతుందా?" కళ్ల ముందే మనుషుల నడుములు వంగిపోవడం చూసిన ఊరు ఆమెది. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు.

ఫ్లోరోసిస్ వచ్చేది ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగడం వల్ల, వాటితో వండుకోవడం వల్ల. మెషిన్ కడిగిన నీళ్లను చివర్లో బయటికి పంపేస్తుంది, పళ్లెం మీద మిగిలేది కొన్ని చుక్కలే. ఆమెకు ఇదే చెప్పాను. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, మీ జాగ్రత్త అంతా అక్కడ పెట్టండి. మెషిన్ సంగతికి వస్తే, దాన్ని చంపేది సున్నం, ఫ్లోరైడ్ కాదు. ఈ రెండూ వేర్వేరు. ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న బోరులో సున్నం తక్కువ ఉండవచ్చు, సున్నం ఎక్కువ ఉన్న బోరులో ఫ్లోరైడ్ తక్కువ ఉండవచ్చు. ఒకదాన్ని చూసి రెండోదాన్ని ఊహించలేం. మెషిన్‌లోని సాఫ్ట్‌నర్ ఫ్లోరైడ్‌ను తీయదు, కాబట్టి ఆ నీళ్లు తాగడానికి పనికొస్తాయని ఎవరైనా అంటే నమ్మకండి.

మిషన్ భగీరథ ద్వారా వచ్చే కృష్ణా నీళ్లు మన బోరు నీళ్లంత కటువుగా ఉండవు. వీలైతే ఆ నీళ్లు నిల్వ ఉండే ట్యాంకు నుంచే మెషిన్‌కు కనెక్షన్ ఇవ్వండి. చిక్కంతా రెండూ ఒకే సంపులో పడే ఇళ్లలో వస్తుంది. వానాకాలంలో ఒక రకం, ఎండాకాలంలో బోరు ఎక్కువగా నడిచినప్పుడు ఇంకో రకం. అలాంటి చోట బోరు నీళ్ల అంకెకే సెట్టింగ్ పెడతాను. కాస్త ఉప్పు ఎక్కువ ఖర్చవుతుంది, హీటర్ బతుకుతుంది.

ఆర్వో ఫిల్టర్ బయటికి వదిలే నీళ్లు వృథా పోతున్నాయని వాటిని డిష్‌వాషర్‌కు కలిపిన ఇల్లు కూడా చూశాను. ఆలోచన మంచిదే, మెషిన్‌కు మాత్రం అదే విషమైంది. ఆ నీళ్లలో బోరు నీళ్ల కంటే లవణాలు ఇంకా చిక్కగా ఉంటాయి. రెక్కల రంధ్రాలన్నీ సున్నంతో పూడిపోయాయి. వాటిని మొక్కలకు కూడా ఆలోచించి పోయాలి, ఇల్లు తుడుచుకోవడానికి వాడుకోండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

మన మసాలా, నూనె గిన్నెలు మెషిన్‌లో శుభ్రం కావు అంటారు. అవుతాయి. ఎంగిలి, కరివేపాకు, ఎముకలు దులిపి పెట్టండి చాలు, ముందే తోమనక్కర్లేదు. డిటర్జెంట్ పని చేసేది ఆ జిడ్డు, గంజి మీదే. అడుగున ఉండే జాలీని మాత్రం వారానికోసారి తీసి కడగండి, రెక్కల రంధ్రాల్లో ఆవాలు ఇరుక్కుంటే పుల్లతో తీయండి.

నీళ్లు ఎక్కువ తాగుతుంది అనేది తప్పు. చాలా మోడళ్లు ఒకసారికి 9 నుంచి 12 లీటర్లు వాడతాయి. నల్లా వదిలి తోమితే ఒక పూట గిన్నెలకే అంతకంటే ఎక్కువ పోతాయి. ఎకో ప్రోగ్రాం మూడు గంటలు నడిస్తే కరెంటు ఎక్కువ అవుతుందని దాన్ని ఆపేస్తారు. అందులో నీళ్లు తక్కువ వేడి చేస్తుంది, అందుకే ఎక్కువ సమయం తీసుకుంటుంది. కరెంటు ఖర్చు తగ్గేది అందులోనే.

గిన్నెలు తోమే సబ్బు ద్రావణం పోయడం మానండి. నురగ పొంగి కిందికి కారుతుంది, మెషిన్ ఆగిపోతుంది.

గ్లాసు మసకబారితే ముందు దాని మీద కాస్త నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లు రాసి చూడండి. పొర పోతే అది సున్నం, ఉప్పూ సెట్టింగూ చూసుకోవాలి. పోకపోతే గాజే అరిగింది, అది మళ్లీ మెరవదు. ఆ నిమ్మ ఉప్పును ఉప్పు అరలో మాత్రం వేయకండి.

స్టీలు, పింగాణీ నిశ్చింతగా పెట్టండి. అల్యూమినియం కుక్కర్లు నల్లబడతాయి, ఇనుప పెనం తుప్పు పడుతుంది, ఇత్తడి, రాగి మెరుపు పోతుంది, చెక్క గరిటెలు చీలుతాయి, మట్టి కుండలు డిటర్జెంట్‌ను పీలుస్తాయి. ఇవి చేత్తోనే కడుక్కోవాలి.

ఒకే అంతస్తు ఇళ్లవాళ్లకు ఒక మాట. నీళ్లు నిండటానికే చాలాసేపు పడుతోందని, మెషిన్ ఎర్రర్ చూపిస్తోందని ఫోన్ చేస్తారు. ట్యాంకులో నీళ్లు పది మీటర్ల ఎత్తున ఉంటే ఒక బార్ ఒత్తిడి వస్తుంది. చాలా మెషిన్లకు కనీసం అర బార్, అంటే ఐదు మీటర్లు కావాలి. స్లాబు మీద నేరుగా పెట్టిన ట్యాంకు మూడు నాలుగు మీటర్లకు మించదు. కొనేముందే ఆ ఎత్తు కొలిపించండి. తక్కువైతే ట్యాంకు కింద దిమ్మె కట్టాలి, లేకపోతే చిన్న ప్రెషర్ పంపు పెట్టాలి. పనిలో పనిగా 16 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తింగ్ ఉన్నాయో లేదో కూడా ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.