విడాకులు, ఉమ్మడి ఇల్లు, ఇంటి రుణం: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో ఆస్తి దస్తావేజులు రాయించడం, కుటుంబ న్యాయస్థానంలో దంపతుల తరఫున హాజరవడం రెండూ నా వృత్తిలో భాగమే కనుక, విడాకుల తరవాత ఇంటి కాగితాలు పట్టుకుని వచ్చేవారిని తరచూ చూస్తుంటాను. వారిలో చాలామందికి నష్టం జరిగింది తీర్పు వల్ల కాదు. ఏ సంతకం ముందు పెట్టాలో, ఏది తరవాత పెట్టాలో చెప్పేవారు లేకపోవడం వల్ల. వివాహం, ఇంటిపై హక్కు, ఇంటిపై అప్పు మూడూ వేర్వేరు బంధాలు. ఒకటి తెగినంత మాత్రాన మిగతా రెండూ తెగవు.

అపోహ: విడాకుల డిక్రీ (కోర్టు ఉత్తర్వు) వస్తే దస్తావేజులోంచి రెండో పేరు దానంతటదే పోతుంది.

వాస్తవం: హిందూ వివాహ చట్టం 13-బి కింద పరస్పర అంగీకారంతో పొందే డిక్రీ వివాహాన్ని రద్దు చేస్తుంది; విక్రయ దస్తావేజులో ఉన్న ఇద్దరూ ఆ మరునాడు కూడా సహ యజమానులే. దంపతులు సంపాదించిన ఆస్తిని విడాకుల సమయంలో చెరిసగం చేయాలనే నియమం మన చట్టంలో లేదు. ఇల్లు ఎవరికి చెందాలో రాజీ షరతుల్లో రాసుకుని, వాటిని డిక్రీలో చేర్పించుకోవచ్చు. అయితే ఆ ఇల్లు కేసులోని వివాదాంశం కాకపోతే, రాజీ డిక్రీకి కూడా రిజిస్ట్రేషన్ తప్పదని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. రాజీ పత్రంలో "మధురవాడ ఫ్లాటు భార్యకు చెందును" అని ఒక్క వాక్యంతో సరిపెట్టడం నేను పదేపదే చూసే పొరపాటు. సర్వే నంబరు, ఫ్లాటు నంబరు, స్థలంలో ఫ్లాటుకు చెందే అవిభాజ్య వాటా గజాలు, నాలుగు హద్దులు ఉన్న షెడ్యూలు లేనిదే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఆ డిక్రీ ముందుకు కదలదు. డిక్రీ ప్రతిని రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయడానికి నాలుగు నెలల గడువు ఉందన్న సంగతి కూడా చాలామంది గడువు దాటాకే తెలుసుకుంటారు. రిజిస్ట్రేషన్ అవసరం లేని సందర్భంలో సైతం చేయించుకోమనే నేను చెబుతాను, ఎందుకంటే రేపు కొనేవారు గానీ అప్పు ఇచ్చేవారు గానీ మొదట చూసేది ఆ ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే ఈసీనే (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్).

అపోహ: నా వాటా రాసిచ్చేశాను కాబట్టి ఇక బ్యాంకు అప్పుతో నాకు సంబంధం లేదు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ మందిని ముంచుతున్న నమ్మకం ఇదే. గాజువాక వైపు నుంచి ఒక ఉపాధ్యాయురాలు నా దగ్గరికి వచ్చారు. ఆమె తెచ్చిన ప్లాస్టిక్ ఫోల్డరులో పైన రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజు, దాని కింద క్రెడిట్ రిపోర్టు ఉన్నాయి. తన వాటాను భర్తకు వదిలేసి రెండేళ్లయినా, రిపోర్టులో పాత గృహరుణం ఇంకా ఉమ్మడి ఖాతాగానే ఉంది; వరసగా మూడు నెలల గడుల్లో బకాయి రోజుల అంకెలు పడ్డాయి. పెందుర్తిలో చిన్న ఫ్లాటు కొనుక్కోవడానికి ఆమె పెట్టుకున్న దరఖాస్తు ఆ మూడు అంకెల వల్లే తిరిగి వచ్చింది. "ఇల్లు ఇచ్చేశాను కదండీ, అప్పు నా మీద ఎందుకుంటుంది?" అని ఆమె అడిగినప్పుడు, ఈ మాట దస్తావేజు రాసిన రోజున ఎవరో ఒకరు ఆమెకు చెప్పి ఉండవలసిందని బాధ కలిగింది.

ఇద్దరు కలిసి తీసుకున్న అప్పును ఇద్దరిలో ఎవరి నుంచైనా పూర్తిగా రాబట్టుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ రుణదాతకు ఇస్తోంది. వాయిదాలు భర్తే కట్టాలని డిక్రీలో ఉన్నా అది వారిద్దరి మధ్య షరతే గానీ, కేసులో పక్షం కాని బ్యాంకును కట్టిపడేయదు. బకాయి 90 రోజులు దాటి ఖాతా నిరర్థకమైతే (మొండి బాకీగా మారితే), తాకట్టు ఇంటిని కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకుకు ఇచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఆమె పేరిట కూడా వస్తుంది.

కాబట్టి మొదట వెళ్లవలసింది రిజిస్ట్రారు దగ్గరికి కాదు, బ్యాంకుకు. ఇద్దరి సంతకాలతో, ఒకరిని రుణం నుంచి తప్పించమని దరఖాస్తు పెట్టాలి. మిగిలే వ్యక్తి ఆదాయం వాయిదాకు చాలుతుందో లేదో బ్యాంకు మళ్లీ లెక్క కడుతుంది. ఒప్పుకోవలసిన బాధ్యత దానికి లేదు. ఆదాయం చాలకపోతే తల్లిదండ్రుల్లో ఒకరిని సహ రుణగ్రహీతగా చేర్చడం, కొంత అసలు ముందుగా కట్టడం, ఒంటరి పేరుతో రుణాన్ని మరో బ్యాంకుకు మార్చుకోవడం వంటి దారులున్నాయి. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ గృహరుణానికి ముందస్తు చెల్లింపు రుసుము ఉండదు. ఏదీ కుదరకపోతే ఇల్లు అమ్మి అప్పు తీర్చి మిగిలింది పంచుకోవడమే మంచిదని నేను నిర్మొహమాటంగా చెబుతాను. అప్పు పూర్తిగా తీరాక 30 రోజుల్లో ఒరిజినల్ పత్రాలు తిరిగి ఇవ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన 2023 డిసెంబరు నుంచి అమలులో ఉంది.

బ్యాంకు మంజూరు పత్రం చేతికి వచ్చాకే విడుదల దస్తావేజుపై సంతకం చేయాలి. రుణం నుంచి విముక్తి కలిగిందని రాతపూర్వకంగా తీసుకుని, రెండు నెలల తరవాత క్రెడిట్ రిపోర్టులో ఆ మార్పు వచ్చిందో లేదో స్వయంగా చూసుకోవాలి.

అపోహ: వాయిదాలన్నీ నేనే కట్టాను, కనుక ఇల్లు మొత్తం నాదే.

వాస్తవం: దస్తావేజులో వాటాలు రాయకపోతే, ఎవరు ఎంత సొమ్ము పెట్టారన్న రుజువును బట్టి వాటాలు తేలుతాయి, రుజువు లేకపోతే సమానమని భావించాలని ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ చెబుతోంది. అందుకే మొదటి అడ్వాన్సు నాటి నుంచి బ్యాంకు స్టేట్‌మెంట్లు భద్రపరచమంటాను. వాయిదా కట్టకపోయినా ఇల్లు నడిపిన భార్య వాటాను తేలికగా కొట్టిపారేసే లెక్కలు నాకు న్యాయంగా తోచవు.

అపోహ: నోటరీ కాగితమో, జీపీఏయో (నా తరఫున వ్యవహరించమని మరొకరికి రాసిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) చాలు.

వాస్తవం: చాలదు. వాటా బదిలీకి రిజిస్టరైన దస్తావేజే కావాలి; జీపీఏతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. విడుదల దస్తావేజును సహ యజమాని పేరిటే రాయగలరు. పిల్లల పేరిట ఇవ్వదలచుకుంటే దానం లేదా సెటిల్‌మెంటు రాయాలి. భార్యాభర్తలుగా ఉండగా దొరికే స్టాంపు సుంకం రాయితీ డిక్రీ తరవాత కూడా దొరుకుతుందని అనుకోకండి. ఒకరు అమెరికాలో ఉంటే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు, కానీ అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి.

అపోహ: దస్తావేజులో పేరు లేని భార్యను ఇల్లు ఖాళీ చేయించవచ్చు.

వాస్తవం: గృహహింస నిరోధక చట్టం, 2005 ప్రకారం, ఆస్తి ఎవరి పేరున ఉన్నా కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు భార్యకు ఉంది, చట్టప్రకారం తప్ప ఆమెను వెళ్లగొట్టరాదు. ఆ ఆస్తి గురించి దావా నడుస్తుండగా దాన్ని మూడోవారికి అమ్మినా, కొన్నవారు కూడా ఆ దావా తీర్పుకు లోబడి ఉండవలసిందే.

జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇంటిపన్నులోనో, కరెంటు మీటరులోనో పేరు మారితే హక్కు మారిందని కొందరు నిశ్చింతగా ఉంటారు. ఆ రికార్డులు పన్ను, బిల్లుల వసూలు కోసం ఉన్నవి. దస్తావేజు రిజిస్టరై, తాకట్టు రద్దు ఈసీలో కనిపించాక, చివరగా ఆ పేర్లు మార్పించుకోవాలి.