పేగు క్యాన్సర్ ఆపరేషన్: ఓపీలో రోజూ వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

బయాప్సీ రిపోర్టు చేతికి రాగానే చాలా కుటుంబాలు అడిగే మొదటి ప్రశ్న ‘సంచి పెడతారా సార్?’. అంటే మలం పట్టడానికి పొట్టకు తగిలించే సంచి. రెండోది ‘ఆపరేషన్ ఎల్లుండికల్లా అయిపోతుందా?’. మొదటిది భయం, రెండోది తొందర. పెద్దపేగుకు, దాని చివరి భాగమైన మలాశయానికి వచ్చే క్యాన్సర్లకు శస్త్రచికిత్స చేసే సర్జన్‌గా నేను చూసినంతలో, నయమవ్వాల్సిన జబ్బు చేయి దాటిపోవడానికి చాలాసార్లు ఈ రెండే కారణం. ఓపీలో తరచూ వినే మాటలనే ఇక్కడ అపోహలుగా రాస్తున్నాను.

అపోహ: రక్తం పడుతోందంటే మొలలే

మలంలో రక్తం కనిపించేవారిలో ఎక్కువమందికి నిజంగానే మొలలే ఉంటాయి. అందుకే ఈ అపోహ ఇంత బలంగా నాటుకుపోయింది. అయితే మొలలున్న మనిషికి క్యాన్సర్ రాకూడదని ఏమీ లేదు. రెండూ ఒకరిలోనే ఉండవచ్చు. ‘నాకింకా నలభై ఐదేళ్లే కదా’ అనే ధీమా మన దేశంలో అసలే పనికిరాదు. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆస్పత్రి 2017లో ప్రచురించిన లెక్కల్లో, అక్కడికి వచ్చిన పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ రోగుల సగటు వయసు దాదాపు 47 ఏళ్లు. అమెరికా, ఐరోపాల్లో ఇది అరవై దాటాకే ఎక్కువగా వస్తుంది.

డాక్టరు గ్లవ్ వేసుకుని వేలితో చేసే పరీక్షకు నిమిషం కూడా పట్టదు. మలాశయం కింది భాగంలో గడ్డ ఉంటే వేలికి తగులుతుంది. ఆ పరీక్షయినా చేయకుండా నెలల తరబడి పూతమందులు వాడించి, ‘గ్యారంటీ’ ఇంజెక్షన్లు పొడిచి, చివరికి పేగు పూర్తిగా మూసుకుపోయాక మా దగ్గరికి పంపే మొలల వైద్యులు మన ఊళ్లలో తక్కువేమీ లేరు. దీనిమీద నాకున్న కోపాన్ని దాచుకోలేను.

కుడివైపు పెద్దపేగులో గడ్డ ఉంటే రక్తం కంటికి కనిపించకపోవచ్చు. నీరసం, ఆయాసం మాత్రమే ఉంటాయి. మగవారికి, నెలసరి ఆగిపోయిన స్త్రీలకు ఐరన్ లోపంతో రక్తం తగ్గితే మాత్రలతో సరిపెట్టకుండా కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా గొట్టంతో పెద్దపేగును చూసే పరీక్ష) చేయించాలి.

అపోహ: కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది

ఈ మాట పూర్వానుభవం నుంచి పుట్టింది. అప్పట్లో చాలామంది ముదిరాకే వచ్చేవారు. ఆపరేషన్ చేసిన కొన్ని నెలలకే చనిపోతే నింద కత్తి మీద పడేది. మలాశయం విషయంలో మరో కారణం కూడా ఉంది. నలభై, యాభై ఏళ్ల కిందట ఈ ఆపరేషన్ తర్వాత కటి భాగంలో క్యాన్సర్ మళ్లీ రావడం మామూలే. చాలా కేంద్రాల్లో ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి తిరగబెట్టేది. కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ.

దీన్ని మార్చింది కొత్త మందేమీ కాదు, కోసే పద్ధతి. మలాశయం చుట్టూ మీసోరెక్టమ్ అనే కొవ్వు పొర ఉంటుంది. లింఫ్ గ్రంథులు, క్యాన్సర్ కణాలు మొదట చేరే దారులు అందులోనే ఉంటాయి. ఆ పొర చిరగకుండా, దాని బయటి అంచు వెంబడి పోతూ, మొత్తాన్ని ఒక్క ముద్దగా తీయాలని బ్రిటన్‌లోని బేసింగ్‌స్టోక్‌కు చెందిన సర్జన్ బిల్ హీల్డ్ 1982లో రాశారు. గింజ నలగకుండా కాయను తొడిమతో సహా కోయడం లాంటిది ఇది. చేత్తో గుంజి తీసే పాత పద్ధతి క్రమంగా పోయింది. తర్వాత నెదర్లాండ్స్‌లో 1,800 మందికి పైగా రోగులతో జరిగిన అధ్యయనం 2001లో వెలువడింది. ఈ పద్ధతిలో ఆపరేషన్ మాత్రమే చేసినవారిలో రెండేళ్లకు 8.2 శాతం మందికి అక్కడే తిరగబెడితే, ముందు కొద్దిరోజులు రేడియేషన్ ఇచ్చి చేసినవారిలో అది 2.4 శాతమే.

కాబట్టి సక్రమంగా చేసిన ఆపరేషన్ క్యాన్సర్‌ను పాకించదు. అరకొరగా చేసినది మాత్రం కచ్చితంగా ప్రమాదమే. మొదటి ఆపరేషన్‌లో పొర చిరిగితే రెండోసారి దిద్దుకునే అవకాశం దాదాపు ఉండదు. ఇంటికి వెళ్లేముందు, తీసిన భాగాన్ని ల్యాబ్‌లో పరీక్షించి ఇచ్చే పాథాలజీ రిపోర్టు అడిగి తీసుకోండి. అందులో కనీసం 12 లింఫ్ గ్రంథులు పరీక్షించారా, కోసిన అంచుల్లో క్యాన్సర్ లేదని రాశారా, మలాశయమైతే ఆ కొవ్వు పొర చెక్కుచెదరకుండా వచ్చిందని ఉందా చూడండి. సర్జన్ పనితనం గురించి ఆస్పత్రి ప్రకటనలకంటే ఆ ఒక్క కాగితం ఎక్కువ చెబుతుంది.

అపోహ: గడ్డ ఉందని తెలిశాక ఒక్కరోజు కూడా ఆగకూడదు

పేగు మూసుకుపోయినా, చిల్లుపడినా, రక్తం ఆగకుండా పోతున్నా ఆగకూడదు. మిగతావారి విషయంలో రెండు వారాలు ఆగి పరీక్షలన్నీ పూర్తి చేసుకోవడమే మేలు. పేగు లోపలి గోడ మీద మొలిచే చిన్న పాలిప్ (కండ) క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. అన్నేళ్లు పెరిగిన జబ్బు ఈ పదిహేను రోజుల్లో దశ మారిపోదు.

పెద్దపేగుకైతే ఛాతీ, పొట్ట సీటీ స్కాన్, సీఈఏ (ఈ క్యాన్సర్ ఉన్న చాలామందిలో పెరిగే ప్రొటీన్) రక్తపరీక్ష, వీలైతే పూర్తి కొలనోస్కోపీ కావాలి. మలాశయానికి వీటితోపాటు ఎంఆర్ఐ తప్పనిసరి. ఎంఆర్ఐ తీయకుండా మలాశయానికి ఆపరేషన్ తేదీ ఇచ్చారంటే మరో అభిప్రాయం తీసుకోవడం మంచిది. ఎందుకంటే గడ్డ గోడ దాటి ఉంటే ముందు రేడియేషన్, కీమో ఇచ్చి, తర్వాత ఆపరేషన్ చేయాలి. ఈ వరసకు చాలా విలువుంది. 2004లో వెలువడిన జర్మనీ అధ్యయనంలో రేడియేషన్, కీమో ముందు ఇచ్చినవారిలో అయిదేళ్లకు 6 శాతం మందికి అక్కడే తిరగబెట్టింది. అదే చికిత్స ఆపరేషన్ తర్వాత ఇచ్చినవారిలో 13 శాతం.

కొందరిలో ఈ ముందస్తు చికిత్సతోనే గడ్డ పూర్తిగా మాయమవుతుంది. అలాంటివారికి ఆపరేషన్ చేయకుండా కనిపెట్టి ఉండే పద్ధతిని బ్రెజిల్ సర్జన్ ఏంజెలిటా హబ్ర్-గామా ముందుకు తెచ్చారు. ఇప్పుడిది ప్రపంచమంతా ఆచరణలో ఉంది. అయితే ఇలా ఆగినవారిలో దాదాపు నాలుగో వంతు మందికి గడ్డ మళ్లీ వస్తుంది, అదీ ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. మూణ్నెల్లకోసారి పరీక్షకు రాగలిగినవారికే నేనీ మాట చెబుతాను. ఊరు దూరమై, తోడు వచ్చేవారు లేక, మధ్యలో మానేసేలా ఉంటే ఆపరేషన్‌కే మొగ్గుతాను.

అపోహ: నూటికి నూరుశాతం నయంచేసే మందు వచ్చేసింది, ఆపరేషన్ దండగ

2022 జూన్‌లో వాట్సాప్ నిండా తిరిగిన వార్త ఇది. మందు పేరు డోస్టార్లిమాబ్. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో మొదట ఫలితాలు ప్రకటించిన 12 మంది మలాశయ క్యాన్సర్ రోగుల్లోనూ గడ్డ పూర్తిగా పోయిన మాట నిజం. ఆ తర్వాత చేరినవారిలోనూ ఫలితాలు అంతే బాగున్నాయి. కానీ వాళ్లందరి గడ్డల్లో డీఎన్ఏ పొరపాట్లను సరిదిద్దే జన్యు వ్యవస్థ దెబ్బతిని ఉంది. మలాశయ క్యాన్సర్లలో అలాంటివి నూటికి అయిదు నుంచి పది మాత్రమే. బయాప్సీ ముక్క మీద ఎంఎంఆర్ పరీక్ష చేస్తే మీది ఆ రకమో కాదో తెలుస్తుంది. ఆ పరీక్ష అందరూ చేయించాలి. మందు మాత్రం అందరికీ పనిచేయదు.

అపోహ: ఆపరేషన్ అంటే జీవితాంతం పొట్టకు సంచే

కుడివైపు పేగు, ఎడమవైపు పేగు, సిగ్మాయిడ్ (మలాశయానికి పైనున్న వంపు) ఆపరేషన్లు ముందే అనుకున్న ప్రకారం జరిగితే చాలామందికి సంచి అవసరమే రాదు. సమస్యంతా మలద్వారానికి దగ్గరగా ఉన్న గడ్డలతోనే. బ్రిటిష్ సర్జన్ ఎర్నెస్ట్ మైల్స్ 1908లో వర్ణించిన ఆపరేషన్‌లో మలద్వారంతో సహా తీసేసి పొట్టమీద శాశ్వత స్టోమా (పేగును బయటికి తెచ్చి పెట్టే ద్వారం, సంచి తగిలించేది దానికే) పెట్టేవారు. దశాబ్దాలపాటు అదే ప్రమాణం. గడ్డ కింద 5 సెంటీమీటర్ల మేర ఆరోగ్యకరమైన పేగునూ తీసేయాలని ఒకప్పుడు నియమం ఉండేది. చాలా కింద ఉన్న గడ్డలకు ఒక సెంటీమీటరు చాలని తేలాక ఎందరికో సహజ దారి నిలిచింది.

గడ్డ తీసి పేగు కొనలను ఇలా కింద అతికినప్పుడు కుట్టు లీకయ్యే ప్రమాదం పది శాతం దాకా ఉంటుంది. లీకైనా ప్రాణం మీదికి రాకుండా చిన్నపేగును కొన్నాళ్లు బయటికి తెచ్చి పెడతాం. రెండు, మూడు నెలలకో, కీమో ముగిశాకో దాన్ని మూసేస్తాం. స్టోమా తడిగా, ఎర్రగా కనిపిస్తుంది కానీ ముట్టుకుంటే నొప్పి ఉండదు. స్నానం చేయవచ్చు, బస్సెక్కవచ్చు, ఉద్యోగానికి వెళ్లవచ్చు. చీర కిందా, చొక్కా కిందా కనిపించదు. భయపడాల్సిన సంగతి ఒకటుంది. చిన్నపేగు స్టోమా నుంచి నీరు, ఉప్పు ఎక్కువగా పోతాయి. మన ఎండల్లో రెండు రోజులు అశ్రద్ధ చేస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. ఓఆర్ఎస్, ఉప్పు వేసిన మజ్జిగ దగ్గర పెట్టుకోవాలి. సంచి రోజుకు లీటరున్నర దాటి నిండుతుంటే ఆస్పత్రికి రావాలి.

సంచి తప్పించడమే గెలుపనే అపోహ మా సర్జన్లలోనూ ఉంది. చాలా కింద అతికించుకున్నవారిలో కొందరు రోజుకు పదిసార్లు పరిగెత్తుతారు. వెళ్లొచ్చిన అయిదు నిమిషాలకే మళ్లీ వస్తుంది, ఆపుకోలేరు. మొదటి ఏడాదిలో చాలావరకు సర్దుకుంటుంది గానీ పూర్తిగా తగ్గనివారూ ఉంటారు. ముందే మలద్వారం పట్టు సడలిన డెబ్బై అయిదేళ్ల మనిషికి ఇలాంటి జీవితంకంటే శాశ్వత స్టోమాయే సుఖం. ఈ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పాలి.

ఎవరూ నోరు తెరిచి అడగనిది ఇంకొకటి. కటి లోపల లైంగిక సామర్థ్యానికి, మూత్రానికి సంబంధించిన నరాలు మీసోరెక్టమ్‌ను ఆనుకుని ఉంటాయి. వాటిని కాపాడే ప్రయత్నం చేస్తాం. అయినా కొందరిలో దెబ్బతింటాయి. కటికి రేడియేషన్ ఇస్తే స్త్రీలలో అండాశయాలు పనిచేయకుండా పోవచ్చు. పిల్లలు కావాలనుకునే వయసువారు చికిత్స మొదలుకాక ముందే వీర్యం, అండాలు నిల్వచేయడం గురించి అడగాలి. సిగ్గుపడితే తర్వాత చేయగలిగింది తక్కువ.

అపోహ: పేగు తీసేస్తే తిన్నది ఒంటబట్టదు, పప్పు పెడితే చీము పడుతుంది

పోషకాలను పీల్చుకునేది చిన్నపేగు. మీటరున్నర పెద్దపేగులో కొంత తీసినా బలం తగ్గదు. పప్పుకూ చీముకూ సంబంధం లేదు. గాయం మానడానికి కావాల్సిన మాంసకృత్తులు పప్పు, గుడ్డు, పెరుగులోనే ఉన్నాయి. చారన్నంతో నెలరోజులు పథ్యం పెట్టి రోగిని నీరసపరచకండి.

అపోహ: రోబోతో చేయిస్తేనే బతుకు

చిన్న కోతలతో చేసే ల్యాప్రోస్కోపీ, పొట్ట కోసి చేసే ఆపరేషన్ పెద్దపేగు క్యాన్సర్‌ను ఒకేలా నయంచేస్తాయని 2004లోనే తేలింది. మలాశయానికి రోబో వల్ల పెద్ద తేడా లేదని 2017లో ఒక అంతర్జాతీయ అధ్యయనం చెప్పింది. 2025లో చైనా అధ్యయనం కొంత మేలుందని చూపింది. అప్పు చేసి రోబో కోసం పరిగెత్తేకంటే, ఆ సర్జన్ ఏటా ఇలాంటివి ఎన్ని చేస్తారో కనుక్కోండి.

అపోహ: కాలేయానికి పాకితే ఇక ఇంటికి తీసుకెళ్లడమే

అన్ని క్యాన్సర్లకూ ఒకే లెక్క కాదు. పేగు క్యాన్సర్ కాలేయంలో కొన్ని మచ్చలుగా ఉండి, వాటిని పూర్తిగా తీయగలిగితే దాదాపు నూటికి 40 మంది అయిదేళ్ల తర్వాతా ఉంటారు. ఆరుగురిలో ఒకరికి దాదాపు పూర్తిగా నయమవుతుంది. కాలేయం మళ్లీ పెరుగుతుంది. కాబట్టి ‘నాలుగో దశ’ అన్న మాట వినగానే ఆశ వదులుకోకుండా, కాలేయ సర్జన్ ఒకరు ఆ స్కాన్ చూశారా అని అడగండి.

అపోహ: ఆపరేషన్ సక్సెస్, ఇక ఆస్పత్రితో పనిలేదు

అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్‌కు 1985 జులైలో, 74 ఏళ్ల వయసులో, క్యాన్సర్ ఉన్న పాలిప్‌తో సహా దాదాపు 2 అడుగుల పేగు తీసేశారు. పదవీకాలం పూర్తిచేశారు. 2004లో 93వ ఏట వేరే కారణంతో చనిపోయారు. పేగు గోడకే పరిమితమైన దశలో పట్టుబడితే అమెరికా లెక్కల ప్రకారం నూటికి 90 మంది అయిదేళ్లు దాటుతున్నారు. గ్రంథులకు చేరితే డెబ్బైకి పైగా. దూరానికి పాకితే సుమారు 15.

తిరగబెట్టే క్యాన్సర్లలో ఎక్కువ భాగం మొదటి మూడేళ్లలోనే బయటపడతాయి. అందుకే మొదట్లో మూడు నుంచి ఆరు నెలలకోసారి సీఈఏ, ఏడాదికోసారి సీటీ, ఏడాదికి కొలనోస్కోపీ, తర్వాత మూడేళ్లకు మరోసారి చేయిస్తాం. మూడో దశలో, అంటే లింఫ్ గ్రంథులకు చేరినప్పుడు, కీమో కూడా చికిత్సలో భాగమే. తక్కువ ప్రమాదమున్న కొందరికి ఆరు నెలలకు బదులు మూడు నెలలే చాలని 2018లో తేలింది.

నడక సంగతి చెప్పాలి. కెనడా, ఆస్ట్రేలియా పరిశోధకులు ముందుండి నడిపి 2025లో ప్రచురించిన అధ్యయనంలో, కీమో ముగించిన 889 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో సగం మందికి మూడేళ్లపాటు దగ్గరుండి వ్యాయామం చేయించారు. ఎనిమిదేళ్లకు వాళ్లలో 90.3 శాతం మంది బతికి ఉన్నారు. కరపత్రం ఇచ్చి వదిలేసినవారిలో 83.2 శాతం. వారానికి మూడు, నాలుగు సార్లు ముప్పావుగంట వడిగా నడవడం లాంటిదే ఆ వ్యాయామం.

రోగి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు నలభయ్యో ఏట గానీ, రోగికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు గానీ, ఏది ముందొస్తే అప్పుడు కొలనోస్కోపీ చేయించాలి. తండ్రికి 44 ఏళ్లకు వస్తే కొడుకు, కూతురు 34కే చేయించుకోవాలి. ఎంఎంఆర్ పరీక్షలో తేడా కనిపించి, జన్యు పరీక్షలో లించ్ సిండ్రోమ్ (వంశపారంపర్యంగా క్యాన్సర్ ముప్పు పెంచే జన్యు మార్పు) అని తేలితే కుటుంబంలో ఆ మార్పు ఉన్నవారికి ఇరవై, ఇరవై అయిదేళ్ల నుంచే మొదలుపెట్టి ఒకటి, రెండేళ్లకోసారి చేయించాలి.